రాజుగారి చిన్నకొడుకు దావా

ఇప్పుడు పిల్లలు పుస్తకం పట్టుకుంటే పెద్దవాళ్లు పక్కన కాపలా కూర్చుంటున్నారు. ఆ రోజుల్లో మా ఊళ్లో వ్యవహారం తలకిందులుగా ఉండేది. పుస్తకం పిల్లల చేతిలో, పరీక్ష పెద్దవాళ్ల నెత్తిన. యాభైల నాటి మాట. ఈపూరు వైపు మెట్ట పల్లె మాది. మా ఊరి లైబ్రరీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక పెంకుటింటి ముందుగది, అందులో రెండు బీరువాలు (ఒకదాని తలుపు పడదు, రెండోదాని తలుపు తెరుచుకోదు), వరండాలో బల్లలు, ఆ బల్లల మీద పొద్దుటినుంచి ఒకే పేపరును ముక్కలుగా పంచుకుని చదివే బాబాయిలు. చదవడం రానివాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. రాజకీయాలు మాట్లాడటానికి అక్షరాలతో పనేముంది?

అక్కడికి కొత్తగా ఒక లైబ్రరీ పంతులుగారు వచ్చారు. మనిషి గాలికి ఎగిరిపోతారేమో అన్నట్టుండేవారు గానీ ఆశలు మాత్రం బాగా బరువైనవి. వచ్చిన కొద్దిరోజులకే మా బడికి వచ్చి, హెడ్మాస్టరుగారితో మాట్లాడి, చదవడం బాగా వచ్చిన పిల్లలందరినీ వరసగా నిలబెట్టారు. "మీ ఇళ్లల్లో చాలామంది పెద్దవాళ్లకి చదువు రాదు. మీకొచ్చు. శనివారం నేనిచ్చే కథల పుస్తకం తీసుకెళ్లి ఒక పెద్దమనిషికి చదివి వినిపించండి. మర్నాడు ఆదివారం ఆ మనిషిని లైబ్రరీకి తీసుకురండి. కథ మీరు చెప్పకూడదు, విన్నవాళ్లు చెప్పాలి" అన్నారు. విన్నవాళ్లు సరిగ్గా చెబితే చదివిన పిల్ల సరిగ్గా చదివినట్టని ఆయన లెక్క. ఒక తప్పు ఓర్చుకుంటారు, రెండో తప్పుకి పేరు కొట్టేస్తారు. ఆఖరిదాకా నిలిచిన పిల్లల్ని దసరా సెలవుల్లో లారీలో అమరావతి తీసుకెళ్లి గుడి, పాత స్తూపం రాళ్లు, కృష్ణానది అన్నీ చూపించి తీసుకొస్తారట.

కృష్ణ అన్న మాట తర్వాత ఆయన ఏం చెప్పారో నాకు వినపడలేదు. మాది నీళ్లకి మొహంవాచిన ఊరు. నాకు తెలిసిన నీళ్లన్నీ బావి అడుగున ఉండేవి, చేది చేది అరచేతులు బొబ్బలెక్కాక గానీ పైకొచ్చేవి కావు. కృష్ణ ఈ ఒడ్డున నిలబడి చూస్తే ఆ ఒడ్డున మనుషులు చీమల్లా ఉంటారని మా తరగతి పిల్ల ఒకతి మేనమామ ఊరు వెళ్లొచ్చి చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, "నువ్వు చూళ్లేదుగా, నీకు ఎంత చెప్పినా తెలవదులే" అంది. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఏమైనా సరే ఆ లారీ ఎక్కి తీరాలని ఒట్టుపెట్టుకున్నాను.

ఒట్టు సరే, వినే మనిషేరి? అమ్మా నాన్నా పొలం నుంచి వచ్చి కంచాల ముందే కునికిపాట్లు పడేవాళ్లు. తాతకి బ్రహ్మచెవుడు. ఊళ్లో నెమ్మదస్తులైన ముసలివాళ్లందరినీ మిగతా పిల్లలు అప్పటికే పట్టేసుకున్నారు. నాకు మిగిలింది పక్కింటి దావా నాయనమ్మ. ఆవిడ మాకు చుట్టం కాదు, వరసకి నాయనమ్మ. దావా అన్నది ఊరు పెట్టిన పేరు. చేనుగట్టు విషయంలో మరిది మీద ఆవిడ నరసరావుపేట కోర్టులో వేసిన దావా వయసులో నాకంటే పెద్దది. వాయిదా ఉన్నరోజున సద్దిమూట కట్టుకుని బస్సెక్కి పోయేది, ఇంకో వాయిదా పుచ్చుకుని మాపటికి తిరిగొచ్చేది. ఎవరింట్లో మాటామాటా వచ్చినా "దావా ఎయ్యండి" అనేది. పిల్లి వచ్చి పాలు తాగిపోయినా ఆవిడకి ముందు తోచేది అదే.

మొదటివారం నాకు దక్కిన పుస్తకంలో ఒక గయ్యాళి అత్తగారి కథ ఉంది. కోడల్ని నానా కష్టాలూ పెట్టిన అత్త చివరికి బుద్ధి తెచ్చుకుని కోడలి చేతులు పట్టుకుని ఏడుస్తుంది. దావా నాయనమ్మకి ఇద్దరు కోడళ్లు, ఇద్దరూ వేరుకాపురాలు. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. సగం చదివానో లేదో చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపవే. ఎవుడే ఈ కత రాసింది?"

"పేరు లేదు నాయనమ్మా."

"ఎట్టా ఉంటది? పెళ్లాం చాటున కూచుని రాసుంటాడు. ఆ అత్త చేసిన నేరమేంది? ఊరగాయ జాడీకి తాళమేసింది, అంతేగా! ఎయ్యకపోతే పచ్చడి ఏడాదికొస్తదా?"

ఆదివారం పంతులుగారు పుస్తకం తెరిచి పట్టుకుని "చెప్పండమ్మా" అనగానే, "చెప్పేదేముంది నాయనా, ఆ అత్త చానా మంచిది. కోడలే తగూలమారి ముండ" అని కొంగు దులుపుకుని కూర్చుంది. పంతులుగారు పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పి, నావైపు జాలిగా చూసి, నా పేరు పక్కన ఒక తప్పు వేసుకున్నారు.

తర్వాతి వారాలు దేవుడు చల్లగా చూశాడు. ఒకసారి నక్క కథ వచ్చింది, ఒకసారి గాడిద కథ. వాటిల్లో అత్తలు లేరు. నక్క మోసం చేసిన చోట "క్రిమినల్ కేసు" అని గొణిగింది గానీ, ఆదివారం మాత్రం కథ పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆవిడ జ్ఞాపకశక్తికి బల్లల మీద బాబాయిలు కూడా పేపర్లు దించి చూశారు. నేను అప్పటికే మనసులో లారీ ఎక్కి సగం దారి వెళ్లిపోయాను.

ఆఖరివారం రాజుగారి కథ వచ్చింది. ఒక రాజుగారికి ఇద్దరు కొడుకులు. రాజుగారు పోగానే పెద్దవాడు రాజ్యమంతా కాజేసి చిన్నవాణ్ణి వెళ్లగొడతాడు. చిన్నవాడు అడవిలో ఒక మునీశ్వరుణ్ణి ఆశ్రయించి, రాజ్యం కంటే మనశ్శాంతి గొప్పదని తెలుసుకుని అన్నగారిని క్షమిస్తాడు. పెద్దవాడు అన్యాయం చేసే చోటు చదువుతుంటే నాయనమ్మని చూడాలి. ఆకూవక్కా దంచుకునే రోట్లో చెయ్యి అట్లాగే నిలబడిపోయింది. మునీశ్వరుడు రంగంలోకి రాగానే మాత్రం అనుమానపడింది.

"ఈ గడ్డపాయన ప్లీడరా?"

"కాదు నాయనమ్మా, ముని."

"ఈడెందుకు మజ్జెన? దావా ఎయ్యలా?"

పుస్తకంలోకి చూశాను. చిన్న రాజకుమారుడు కళ్లు మూసుకుని నిక్షేపంగా క్షమిస్తున్నాడు.

"మాట్టాడవేందే? ఆడు గానీ ఊరకే వదిలేశాడంటే నేను ఇప్పుడే లెగిసిపోతా. ఆదివారం రమ్మని మాత్రం నన్ను పిలవమాక."

ఆవిడ లేచిపోతే నా లారీ కూడా లేచిపోయినట్టే. ఆవిడ అప్పటికే మోకాళ్ల మీద చేతులు ఆనించింది. పుస్తకం మీంచి చూపు తిప్పకుండా, ఆ పుస్తకం భాషలోనే, నా నోటివెంట ఈ వాక్యం వచ్చేసింది: "అంతట చిన్న రాజకుమారుడు మునీశ్వరునికి నమస్కరించి, తెల్లవారగనే నరసరావుపేట బస్సెక్కెను."

"ఆఁ! అట్టా చెప్పు!" అని నాయనమ్మ మళ్లీ చతికిలబడింది.

ఇక నాకు అడ్డేముంది? ఆ ఇంటి పక్కన పుట్టి పెరిగినదాన్ని, కోర్టు వ్యవహారం ఎక్కాలకంటే బాగా వచ్చు. రాజకుమారుడు వకాల్తా ఇచ్చెను. అన్నగారికి సమన్లు పోయెను. వాయిదాలు నడిచెను. తుదకు జడ్జీగారు సగము రాజ్యము చిన్నవానికిచ్చి, ఖర్చులు పెద్దవాని మీద వేసి డిక్రీ చేసిరి.

"ఖర్చులతోనా!" అంది నాయనమ్మ, ముందుకు జరిగి. "మరి పెద్దోడు అప్పీలుకు పోలా?"

"పోయెను. కొట్టివేసిరి."

"సాధీనం ఎట్టా ఇప్పిచ్చారే?"

"కోర్టు అమీనా వచ్చి, డప్పు కొట్టించి, సింహాసనమును జప్తు చేసెను."

ఆవిడ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "సింగాసనమే!" అని నెమ్మదిగా అంది. కొంగుతో కళ్లొత్తుకుని, "సదువుకున్నోళ్లు రాస్తే ఇట్టా ఉండాల కత" అంది.

నా ఎత్తు తెలివితక్కువదేమీ కాదు. ఆదివారం పొద్దున్నే వెళ్లి, ఫలానా పేజీ చదవడం మర్చిపోయానని చెప్పి అసలు ముగింపు అప్పజెప్పించుదామనుకున్నాను. తెల్లారి వెళ్లేసరికి ఇంటికి తాళం. ఆవిడ అప్పటికే తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. బయల్దేరినావిడ తిన్నగా పోయిందా అంటే అదీ లేదు. దారిలో కనపడ్డ ప్రతి అరుగు మీదా ఆగి సింహాసనం జప్తు సంగతి చెప్పుకుంటూ పోయింది. నేను పరుగున లైబ్రరీకి చేరేసరికి వరండా కిటకిటలాడుతోంది.

పంతులుగారు పుస్తకం తెరిచారు. నాయనమ్మ మొదలుపెట్టింది. ముని దాకా బ్రహ్మాండంగా నడిచింది. బస్సు దగ్గర పంతులుగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. వకాల్తా దగ్గర పేజీ తిప్పారు. అమీనా దగ్గర ఇంక ఆగలేకపోయారు.

"అమ్మా, ఈ అమీనా ఎక్కణ్ణించి వచ్చాడు?"

"కోర్టు నించి. ఇంకెక్కణ్ణించొస్తాడు నాయనా?"

"ఇందులో అన్నగారిని క్షమించాడని ఉంది."

"ఏదీ, మళ్లీ సదువు."

పంతులుగారు వేలుపెట్టి మళ్లీ చదివారు. నాయనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీ అద్దాలు మార్పిచ్చుకో నాయనా. మా పిల్ల సదువుతుంటే నేను చెవులారా విన్నా. అది అబద్ధం సదవదు."

ఎదురుగా మనిషి పుస్తకం చూసి చదువుతున్నా, ఆవిడ నన్నే నమ్మింది. నేను మాత్రం గోడకి అతుక్కుపోయి, కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడ్డాను. ఈలోగా బల్లల మీద బాబాయిలు కేసు చేతిలోకి తీసుకున్నారు. మా ఊళ్లో కోర్టు మెట్లెక్కని మగవాడు అరుదు మరి.

"రాజ్యమంటే ఖరీదెంత? నరసరావుపేట మున్సబు కోర్టు ఏం చాలుద్ది? గుంటూరులోనే ఎయ్యాల దావా" అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు బాబాయి.

"ముందు పెద్దమనుషుల్లో పెట్టుండాల్సింది" అన్నాడు ఇంకో బాబాయి.

"అయ్యా, ఇది కథ!" అని పంతులుగారు బల్ల చరిచారు.

"కతైతే మాత్రం? ఒక పద్ధతి ఉండబల్లేదా?" అన్నాడు ప్రెసిడెంటు బాబాయి.

గోల సద్దుమణిగేదాకా పంతులుగారు నన్నే చూస్తూ కూర్చున్నారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. నా బొటనవేలు నేలలో తవ్విన గుంటే ఆయనకి అంతా చెప్పినట్టుంది. చివరికి లేచి ఫైసలా చెప్పారు. "విన్నవాళ్లు విన్నది విన్నట్టు చెప్పాలన్నాను. ఈవిడ చెప్పారు. చదివేవాళ్లు ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఈ పిల్ల చదవలేదు. కాబట్టి లారీలో ఈ చోటు ఈవిడది."

నేను నేల గీకడం ఆపేశాను. నాయనమ్మ మాత్రం ఇంతెత్తున లేచింది. "ఇదేం నాయం? పిల్లని వదిలి నేను పోను. దాన్ని పంపు."

"మీరైనా రావాలి, లేకపోతే ఆ చోటు ఖాళీగానైనా పోవాలి."

నాయనమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. అమరేశ్వరస్వామిని ఆవిడ ఎన్నడూ చూడలేదు. "అయితే పొద్దున్నే ఎన్నింటికి బయల్దేరేది?" అంది.

ప్రయాణం రోజున మా పిట్టగోడ మీంచి లారీని చూశాను. పిల్లలందరూ వెనక నిలబడి అరుస్తున్నారు. దావా నాయనమ్మ డ్రైవరు పక్కన సద్దిమూట ఒళ్లో పెట్టుకుని కోర్టుకి పోతున్నంత ఠీవిగా కూర్చుంది. నేను ఆ పూట అన్నం ముట్టలేదు. అమ్మ బతిమాలి, తిట్టి, విసిగి వదిలేసింది. ఆవిడ వచ్చాక జన్మలో మాట్లాడకూడదని తీర్మానించుకున్నాను.

దీపాలు పెట్టే వేళకి లారీ వచ్చింది. నాయనమ్మ ఇంటికి కూడా పోకుండా విబూది పొట్లం పట్టుకుని సరాసరి మా ఇంటికొచ్చింది. నా తీర్మానం గుమ్మం దాకా కూడా నిలవలేదు. "ఎట్టా ఉంది నాయనమ్మా, కృష్ణ?" అని అడిగేశాను.

ఆవిడ ఏదో చెప్పబోయి, ఏడ్చి ఏడ్చి వాచిన నా మొహం చూసి ఆగింది. తర్వాత నా పక్కన కూలబడి కాళ్లు చాపుకుంది.

"ఏం కృష్ణే! మోకాటిలోతు లేవు నీళ్లు. ఎటు చూసినా ఇసకే. మన బాయే నయం. ఆ రాళ్లంటావా, అన్నీ ఇరిగినయ్యే, ఒక్క బొమ్మకి తిన్నగా ముక్కు లేదు. లారీలో ఒళ్లు పులిసిపోయింది. నువ్వు రాకపోటమే మంచిదైంది."

"అందరూ చానా నీళ్లున్నాయంటున్నారు గదా?"

"పిల్లకాయల మాటలు నమ్ముతావా, నా మాట నమ్ముతావా?"

నాయనమ్మ మాటే నమ్మాను. మర్నాడు బళ్లో పిల్లలు కృష్ణ గురించి చేతులు బారచాపి చెబుతుంటే, పాపం అబద్ధాలాడుతున్నారని జాలిపడ్డాను కూడా.

నేను చదువుకుని టీచరునై, అరవైల చివర్లో మా బడి పిల్లల్ని బస్సులో అమరావతి తీసుకెళ్లేనాటికి నాయనమ్మ లేదు. (ఆవిడ దావా ఇంకా ఉంది. కొడుకులు నడుపుతున్నారు.) అదీ వానలు వెలిసిన దసరా రోజులే. గుడి వెనక మెట్లు దిగి తలెత్తేసరికి ఎదురుగా కృష్ణ, ఒడ్లు ఒరుసుకుంటూ పోతోంది. అవతలి ఒడ్డున మనుషులు చీమల్లా కాదు, అసలు కనపడనే లేదు. ఇంత ఏటిని ఆవిడ నాకోసం ఒక్క మాటతో మోకాటిలోతుకి ఎండగట్టేసింది. కథ మార్చి చదవడం నాకొక్కదానికే వచ్చని ఇన్నేళ్లూ మురిసిపోయిన దాన్ని, ఆ మెట్ల మీద నిలబడి నవ్వుకున్నాను. నవ్వుతూనే ఉన్నాను గానీ కళ్లు మాత్రం నా మాట వినలేదు. ఆవిడ ఆ క్షణాన పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఇంకో మెట్టు దిగాను. చల్లటి నీళ్లు పాదాలకి తగిలాయి. "ఇదా నాయనమ్మా, మోకాటిలోతు?" అన్నాను పైకే.

పక్కనున్న మా తరగతి పిల్ల గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "కాదు టీచరుగారూ, లోతు చానా ఉంది. ఇంక దిగమాకండి."