అమ్మ చేత అనిపించిన మాట

"అదృష్టవంతురాలివే, పోయేముందు మీ అమ్మ నిన్ను దగ్గరికి తీసింది" అంటారు మావాళ్ళు. ఆ మాట విన్న ప్రతిసారీ నిజం నోటిదాకా వస్తుంది. ఏళ్ళుగా మింగుతూనే ఉన్నాను. ఇక మింగలేను. మా ఆయనకి కూడా చెప్పని సంగతి ఇది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను ఇంట్లోవాళ్ళకి ఇష్టంలేని పెళ్ళి చేసుకున్నాను. ఆయనది మా కులం కాదు, మా ప్రాంతమూ కాదు. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. మాట మానేసింది. ఏ శుభకార్యంలోనో ఎదురుపడితే, నా పక్కనే నిలబడి, "ఆవిడని భోంచేసి వెళ్ళమను" అని వదినతో చెప్పేది. కన్నకూతుర్ని, ఆవిడనయ్యాను.

అమ్మకి వచ్చిన కేన్సర్ ఎముకలకి పాకాక, నొప్పి తెలియకుండా చూసుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేమన్నారు డాక్టర్లు. పంజాగుట్టలో అన్నయ్య ఫ్లాట్‌లోనే అమ్మకి మంచం వేశారు. వదిన అమీర్‌పేటలో ఉద్యోగం చేస్తుంది. సెలవులన్నీ అయిపోయాయి. వేరే దారిలేక అన్నయ్య నన్ను పిలిచాడు. రోజూ మాసబ్ ట్యాంక్ నుంచి వచ్చేదాన్ని. పగలంతా ఇంట్లో నేనూ అమ్మే. మాట చేరవెయ్యడానికి మూడో మనిషి లేదు కదా, అమ్మ ఫ్యాన్‌తో మాట్లాడేది. "దాహంగా ఉంది" అనేది పైకి చూస్తూ. నేను నీళ్ళు పట్టేదాన్ని.

ఇంటికొచ్చి చూసే నర్సు మార్ఫిన్ మాత్రలు నా చేతికిస్తూ మొదటిరోజే గట్టిగా చెప్పింది. "నొప్పి లేసినంక ఇచ్చుడు కాదక్కా. లేవకముందే ఇయ్యాలె. జర టైం దాటనియ్యకు, పెద్దమ్మకు మస్తు తిప్పలైతది." తలూపాను. అర్థమయ్యే తలూపాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మాత్ర వేసుకుంటే అమ్మ మగతగా పడుకునేది. మళ్ళీ వేళ దగ్గరపడేకొద్దీ కళ్ళు తేటపడేవి. ఆ కాసేపే ఆమె నాకు దొరికేది. దాన్ని ఇంకొంచెం సాగదీస్తే? ఇలాంటి ఆలోచన నాకెలా వచ్చింది? ఎలాంటి మనిషికి వస్తుంది ఇది? ముందు కొద్దిగా ఆలస్యం చేశాను, ఊరికే, నావైపు చూస్తుందేమోనని. చూడలేదు.

ఆ మధ్యాహ్నం మాత్ర పిడికిట్లో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఫ్లైఓవర్ మీద హారన్లు వినబడుతున్నాయి. అమ్మ దుప్పటి నలపడం మొదలుపెట్టింది. నుదుటి నిండా చెమట.

"మందు" అంది ఫ్యాన్‌తో.

"నన్ను అడుగమ్మా" అన్నాను.

పళ్ళు బిగించింది. నేను లేవలేదు. ఎంతసేపో తెలియదు, గడియారం వైపు చూసే ధైర్యం లేకపోయింది. ఆమె మూలుగు అరుపైంది. నేను ఏడుస్తున్నాను, బతిమాలుతున్నాను, అయినా పిడికిలి విప్పలేదు.

"నన్ను క్షమించానని ఒక్కసారి అనమ్మా. వెంటనే ఇచ్చేస్తా."

అమ్మ తల తిప్పి నా మొహంలోకి చూసింది. నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"క్షమించానే. ఇవ్వు. నీకు దణ్ణం పెడతా, ఇవ్వు."

ఇచ్చాను. అది పనిచేసేదాకా మెలికలు తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఒట్టు. వేళకి ముందే నీళ్ళగ్లాసుతో నిలబడేదాన్ని. కానీ నేను మాత్ర పట్టుకుని కనబడగానే అమ్మ గబగబా "క్షమించానే, క్షమించాను" అనేది. అది అయ్యాకే నోరు తెరిచేది. వద్దమ్మా, అనొద్దు అని కాళ్ళు పట్టుకున్నాను. వినేది కాదు. అలా అంటేనే గానీ ఇవ్వనని ఆమె మనసులో పడిపోయింది.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన వదిన గుమ్మంలోంచి ఆ మాట విని ఏడ్చేసింది. అన్నయ్యకి చెప్పింది. అన్నయ్య నన్ను పట్టుకుని భోరుమన్నాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. పుట్టింటి గడప మళ్ళీ దొరికింది, ఎలా వదులుకోను?

అమ్మ కొద్దిరోజులకే పోయింది. ఇప్పుడు ఏటా తద్దినానికి అన్నయ్యే స్వయంగా మా ఇంటికొచ్చి ఇద్దర్నీ పిలుస్తాడు. "చెల్లి కనబడితే చాలు, క్షమించానే అనేది అమ్మ" అని చుట్టాలందరికీ తడికళ్ళతో చెబుతాడు. నేను తలొంచుకుని వడ్డిస్తుంటాను. అన్నయ్యకున్న ఆ ఒక్క తృప్తినీ ఎందుకు పోగొట్టాలి అని నాకు నేను చెప్పుకుంటాను. అదీ సాకే. మళ్ళీ వెలివేస్తారని నా భయం.

అమ్మ నన్ను క్షమించలేదు. నన్ను చూసి భయపడింది. చివరి రోజుల్లో మా అమ్మ నొప్పికన్నా ఎక్కువగా నాకే భయపడింది.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.