మణికట్టు దగ్గర ఆగిన కబురు

అమెరికాలో, ప్లేనోలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చిన రెండో వారానికి నాకో సంగతి అర్థమైంది. రెండు నెలల మనవణ్ణి ఎవరూ నా చేతికివ్వడం లేదు. సోఫాలో కూర్చుని చేతులు చాపానా, సరిగ్గా అప్పుడే వాడికి డైపర్ మార్చాలి, లేదంటే నిద్రొచ్చేస్తుంది. నన్ను చూడగానే అమ్మాయీ అల్లుడూ గొంతు తగ్గించేవారు. ముప్పై ఏళ్లు కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాణ్ణి. దొంగ కనెక్షన్ ఉన్న ఇంటిని గుమ్మంలో మనిషి మొహం చూసే పట్టేవాణ్ణి. వీళ్ల మొహాలు నాకొక లెక్కా?

కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్న మాట నిజమే. కాఫీ గ్లాసు రెండుసార్లు జారిపోయింది. అంతమాత్రానికే ఇంత రాద్ధాంతమా! మా ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి, మోచేతి దాకా మర్దనా చేసేది. ఆ ఇంట్లో నేను నమ్మిన మనిషి ఆవిడొక్కతే.

చివరికి అమ్మాయి నరాల పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకుని, పిల్లాణ్ణి అల్లుడికి అప్పగించి, మా ఇద్దరినీ కారెక్కించింది. డాక్టరు ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల.

“అంకుల్, చిన్న షాక్స్ ఇస్తాను. ఓకేనా?” అంది.

షాకులా, నాకా! నవ్వొచ్చింది. నా వేళ్లకీ మణికట్టుకీ తీగలున్న బిళ్లలు అంటించింది. ఒకటి ఊడిపోయింది. మళ్లీ అంటిస్తే ఇంకోటి జారింది. తెర మీద గీత పిచ్చిపిచ్చిగా ఊగుతోంది.

“మీ మెషీనుకి ఎర్తింగ్ సరిగ్గా లేదమ్మా,” అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి వాసన చూసింది. “అంకుల్, ఆయిల్ రాసారా?”

అమ్మాయి వాళ్లమ్మ వైపు తిరిగింది. “అమ్మా! లోషన్ రాయొద్దని వీళ్లు పంపిన పేపర్‌లో ఉందని చెప్పానా లేదా?”

“లోషనెవరు రాశారే? నేను రాసింది నూనె.”

స్పిరిట్‌తో నాలుగుసార్లు తుడిస్తే గానీ నా చెయ్యి పరీక్షకు పనికిరాలేదు. తర్వాత బొటనవేలి కండలో సూది గుచ్చి, వేలు బిగించమంది. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు మెషీను చప్పుడు చేసింది. మణికట్టు దాటి సిగ్నల్ సరిగ్గా వెళ్లడం లేదంది.

“మరి నరం తీగే కదా, తెగకుండానే కరెంటు అవతలికి ఎందుకు చేరదు?” నిలదీశాను.

“వైర్ లాగా కాదు అంకుల్. నరం పైపొరలో చిన్న గేట్స్ ఉంటాయి. అవి ఓపెన్ అయితే బయట సోడియం లోపలికి వస్తుంది, అక్కడ ఛార్జ్ మారుతుంది. దాంతో పక్క గేట్స్ ఓపెన్ అవుతాయి. అలా ముందుకి వెళ్తుంది. తర్వాత పొటాషియం బయటికి వెళ్తే, మళ్లీ రెడీ.”

“కండకి?”

“నరం చివర ఒక కెమికల్ వస్తుంది. అది తగిలితే కండ తన సిగ్నల్ తనే స్టార్ట్ చేస్తుంది. అప్పుడు బిగుస్తుంది.”

అంటే నరం కండకి కరెంటు పంపదు, కబురు పంపుతుందన్నమాట. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి లైను చూడలేదు. నరం చుట్టూ ఇన్సులేషన్ ఉంటుందట. మణికట్టు దగ్గర ఇరుకులో నొక్కుకుపోయి నాది దెబ్బతిందట. అది మాత్రం ఇట్టే బుర్రకెక్కింది. చిన్న ఆపరేషన్ చేస్తే చాలావరకు సర్దుకోవచ్చంది.

కారెక్కగానే నా కోపం కట్టలు తెంచుకుంది. “ఇంత చిన్నదానికి పసివాణ్ణి నా చేతికివ్వకూడదని మొగుడూ పెళ్లాలు కూడబలుక్కుంటారా? నేనేం పరాయివాణ్ణా?”

అమ్మాయి రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. వెనక సీట్లోంచి మా ఆవిడ అంది: “దాన్నెందుకంటారు? ఇవ్వొద్దని నేనే చెప్పాను.”

నేను వెనక్కి తిరిగాను.

“మనమొచ్చిన నాలుగో రోజు, వాడి తల కింద మీ కుడిచెయ్యి పట్టు వదిలేసింది. నేను పక్కనుండి చెయ్యి అడ్డం పెట్టాను. మీకు తెలియనే లేదు. వాడితో కబుర్లు చెబుతూనే ఉన్నారు.”

అందరినీ అనుమానించాను గానీ, నా చేతిని అనుమానించాలని తోచలేదు.

ఇల్లు చేరాక లోపలికెళ్లి సోఫాలో కూర్చున్నాను. ఈసారి చేతులు చాపలేదు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుని, నా కుడిచేతిని ఒళ్లోకి లాక్కుని, దాని కింద తన అరచెయ్యి పెట్టింది.

“ఇప్పుడియ్యవే,” అంది, పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చిన అమ్మాయితో.