ఆరో ర్యాంకు

ఆ ర్యాంకుల పేజీ పెట్టింది నేనే. ఎవరూ అడగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది.

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో నేను పనిచేసే ఆఫీసు ఒక కరీబియన్ దీవి కంపెనీది. ఆ దీవిలో వాళ్ళకి లేని వ్యాపారం లేదు. సూపర్ మార్కెట్లు, ఇన్సూరెన్స్, సరుకు ఓడలు, హోటళ్ళు, బేకరీ, సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ, మొత్తం ఆరు డివిజన్లు. ఏ డివిజన్ ఏడాది పొడవునా ఎలా నడిచిందో రిపోర్టు రాసి చైర్మన్ ముందు పెట్టడం నా ఉద్యోగం. పెద్దాయనకి చదివే ఓపిక లేదు. నలభై పేజీలు రాస్తే మొదటి పేజీ తిప్పి పక్కన పడేసేవాడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒక ఏడాది ఒళ్ళు మండి, రిపోర్టు పైన ఒకే ఒక్క పేజీ పెట్టాను. ఒకటి నుంచి ఆరు దాకా ర్యాంకులు, అంతే.

నాకు ఇంకో పద్ధతి తెలియదు మరి. గుంటూరు దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాను. ప్రతి సోమవారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు పెట్టేవారు. చివర ఉన్నవాళ్ళని కారిడార్‌లో వరసగా నిలబెట్టి, పిక్కల మీద పీవీసీ పైపుతో కొట్టేవారు. చర్మం చిట్లేదాకా కొట్టేవారు. నేను ఆ వరసలో చాలాసార్లు నిలబడ్డాను. ఆ గీతలు ఇప్పటికీ తెల్లగా కనిపిస్తాయి. క్యారీ ఎండల్లో కూడా నేను ఫుల్ ప్యాంటే వేసుకుంటాను.

చైర్మన్‌కి ఆ పేజీ తెగ నచ్చింది. ఆరు నెలలకోసారి పెట్టమని చెప్పి, దానికి రెండు రూల్సు తనే కలిపాడు. ఆఖరి ర్యాంకు వచ్చిన మేనేజర్ మీటింగ్ అయ్యేదాకా నిలబడాలి. ఏడాది చివర్లో ఆఖరి ర్యాంకు వచ్చిన డివిజన్‌ని అమ్మేస్తారు.

ఆరు నెలల మీటింగ్‌లో ఇటుకల ఫ్యాక్టరీకి ఆరో ర్యాంకు వచ్చింది. తుఫానుకి షెడ్డు కప్పు ఎగిరిపోయి మెషీన్లు వారాల తరబడి ఆగాయి. ఆ సంగతి అడుగున చిన్న అక్షరాలతో రాశాను. ఎవరు చదువుతారు? ఫ్యాక్టరీ మేనేజర్ అరవైకి దగ్గర పడిన మనిషి. మా క్యారీ ఆఫీసులోనే కుర్చీ వెనకవైపు పట్టుకుని రెండు గంటలు నిలబడ్డాడు. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటుంటే నేను చూపు తిప్పుకున్నాను.

మర్నాడు ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ అమ్మేస్తే తన మనుషులకి ఆ దీవిలో ఇంకో పని దొరకదనీ, ఆ ఆరో ర్యాంకు నుంచి బయటపడే దారి చెప్పమనీ అడిగాడు. నేను చిరాకులో ఉన్నాను. నోటికొచ్చింది అనేశాను.

"మా కాలేజీలో ఆఖరివాళ్ళని కొట్టేవారు. దెబ్బలకి భయపడి పైకొచ్చేవాళ్ళం. నన్నూ కొట్టారు, ఇప్పుడు అమెరికాలో ఉన్నాను. మీ మెషీన్ ఆగకుండా చూసుకోండి, చాలు."

ఆయన అంతా విన్నాడు. తర్వాత అడిగాడు. "ఆ దెబ్బలు మానాయా, మిస్?"

ఎప్పుడో మానిపోయాయని చెప్పాను.

ఆ తర్వాత ఫ్యాక్టరీ అంకెలు నెలనెలా పైకి లేస్తుంటే నాకు ఎంత సంబరమో! ఒక నెల ఫ్యాక్టరీ షీటులో మాత్రం ఒకరికి గాయమైందని ఒక లైన్ వచ్చింది. కారణం రాసే గడిలో 'ఇతరములు' అని పెట్టి సేవ్ చేశాను. ఎవరికి, ఎలా అని అడగాలని కూడా తోచలేదు.

ఆ రోజు భోజనం దగ్గర ఈ గొప్పలన్నీ మా ఆయనకి చెప్పుకున్నాను. ఆయన తినడం ఆపేశాడు.

"ఆ పేజీ డిలీట్ చేసెయ్. నువ్వింకా నిద్రలో కాళ్ళు ముడుచుకుంటావ్, తెలుసా?"

చేతిలో ఉన్న స్టీలు కంచం ఎత్తి గోడకేసి కొట్టాను. సాంబారు సీలింగ్ దాకా చిమ్మింది. ఇక్కడి అట్ట గోడకి పడిన చిల్లు మీద ఇప్పుడు క్యాలెండర్ వేలాడుతోంది.

ఏడాది చివరి మీటింగ్‌కి అందరూ క్యారీకి వచ్చారు. సూపర్ మార్కెట్లు ఫస్టు. హోటళ్ళు, ఓడలు పర్వాలేదు. తుఫాను క్లెయిముల దెబ్బకి ఇన్సూరెన్స్ నాలుగుకి పడింది. ఇటుకల ఫ్యాక్టరీ ఐదు. పొయ్యి పాడై మూడు నెలలు మూతబడిన బేకరీ ఆరు. బేకరీ చూసే ఆవిడ లేచి గోడ పక్కన నిలబడింది.

చైర్మన్ ఫ్యాక్టరీకి చప్పట్లు కొట్టమన్నాడు. అందరూ కొట్టారు. ఫ్యాక్టరీ మేనేజర్ మాత్రం ఎడమ చేత్తో బల్ల మీద చరుస్తున్నాడు. రెండో చెయ్యి ఏదని చైర్మన్ నవ్వుతూ అడిగాడు. ఆయన బల్ల కింద నుంచి కుడి చెయ్యి తీసి పైన పెట్టాడు. మూడు వేళ్ళు లేవు.

మెషీన్ ఆగకూడదని దాని ముందున్న రక్షణ జాలీ పీకించేశానని చెప్పాడు. ఇటుక ఇరుక్కుంటే మనుషుల్ని పంపడానికి మనసొప్పక తనే చెయ్యి పెట్టాడట. పైనుంచి ఇటుక అచ్చు ఆ చేతి మీదకి దిగిపోయింది. టవల్ చుట్టుకుని, నెత్తురు కారుతుంటేనే, ఆ షిఫ్టు పూర్తి చేయించి ఆసుపత్రికి వెళ్ళాడు.

"అదీ పట్టుదలంటే," అన్నాడు చైర్మన్. ఇంకా గట్టిగా కొట్టమన్నాడు. కొట్టారు.

నేను 'ఇతరములు' అని పెట్టిన గాయం ఇదే. ముందున్న గాజు జగ్గు తీసి, ర్యాంకులు చూపిస్తున్న గోడ టీవీ మీదకి విసిరాను. నా ర్యాంకుల పేజీ భళ్ళున పగిలింది. గాజు పెంకు గీసుకుని నా మణికట్టు నుంచి నెత్తురు బొటబొటా కార్పెట్ మీద పడుతోంది. ఎవరో సెక్యూరిటీని పిలిచారు.

ఫ్యాక్టరీ మేనేజర్ లేచి నా దగ్గరకి వచ్చి, తన జేబురుమాలు నా మణికట్టుకి ఎడమ చేత్తో చుట్టబోయాడు. ముడి వెయ్యడానికి రెండో చేతికి మిగిలిన రెండు వేళ్ళు చాలలేదు. నేను కుర్చీలో కూలబడి, అందరి ముందూ ప్యాంటు కాళ్ళు మోకాలి దాకా పైకి లాగాను. ఆయన వంగి, నా పిక్కల మీద తెల్లటి గీతలు చాలాసేపు చూశాడు.

"ఇవి మానలేదని ఆ రోజు ఫోన్‌లో ఎందుకు చెప్పలేదు, మిస్?"

కోపంతో అడిగి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. మెల్లగా అడిగాడు. నేను ప్యాంటు కిందికి దించుకున్నాను. గోడ పక్కన బేకరీ ఆవిడ ఇంకా నిలబడే ఉంది.