నర్సవ్వ పెద్దమ్మ, పిండినల్లి

మొన్న జగిత్యాల ఆసుపత్రిలో సూది వేసే ముందు నర్సు నా జబ్బ మీద స్పిరిట్ దూదితో రుద్దింది. ఆ చల్లదనం, ఆ ఘాటు వాసన తగలగానే నాకు కళ్ళు తిరిగినంత పనైంది. సూదంటే భయమనుకుని ఆమె నవ్వింది. భయం కాదు. నాలుగేళ్ళ కిందట పోయిన నర్సవ్వ పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. ఆమె చేతులు ఎప్పుడూ ఆ వాసనే వచ్చేవి.

ఆమె నాకు వరసకు పెద్దమ్మ కాదు. కోరుట్లలో మా అత్తగారి వీధి చివర, ఆకుపచ్చ నీడ వల కింద ఆర్కిడ్ పూల కుండీలు పెంచి అమ్మేది. కువైట్‌లో ఏళ్ళ తరబడి ఒకరింట్లో పని చేస్తూ, ఆ ఇంట్లో పూలు పెంచే అద్దాల గదిలో నేర్చుకున్న విద్య అది. బోర్లు ఎండిపోయిన కాలంలో మా వైపు నుంచి మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ అలా వెళ్ళారు. మా అమ్మ లచ్చవ్వ కూడా మా ఊరు బోయినపల్లి నుంచి కువైట్‌కే వెళ్ళింది. నాకు పదకొండేళ్ళప్పుడు పెట్టెలో తిరిగి వచ్చింది. గుండె ఆగిపోయిందని కాగితంలో రాశారు. పొద్దంతా చేనులో వంగి పని చేసినా అలసట ఎరగని మనిషికి గుండె ఎందుకు ఆగిందని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

నేను కోరుట్లకు కాపురానికి వచ్చిన నెలలోనే నర్సవ్వ పెద్దమ్మ మా గుమ్మం ముందు నిలబడింది. "నాతోని పనికి రా బిడ్డా. కూసుండి చేసే పనే," అంది. నా సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. అందరూ చేనుకు పోయాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక వెళ్ళాను.

కూర్చుని చేసే పనే గాని, ఓపిక ఉన్నవాళ్ళు చేసే పని. నాకది పుట్టుకతోనే తక్కువ. ఆర్కిడ్‌కు పట్టే తెల్లటి పిండినల్లి ఆకు మొదట్లో, ఎండిన పొరల కింద, వేళ్ళ సందుల్లో నక్కి ఉంటుంది. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పురుగునూ తుడవాలి. గుడ్లు పగిలి మళ్ళీ పిల్లలు వస్తాయి కనుక వారానికోసారి మళ్ళీ తుడవాలి. కొత్త కుండీని మూడు వారాలు మిగతావాటికి దూరంగా ఉంచాలి. కుండీ అంచున చీమల బారు కనిపిస్తే చాలు, ఆమె కళ్ళద్దాలు సర్దుకునేది. "చీమ ఊకెనే రాదు. పురుగు ఇడిచే తీపి కోసం వస్తది. సూడు, యాడనో ఉంటది," అనేది. పురుగు దొరికేదాకా అన్నం ముట్టేది కాదు. నేను విసుక్కుంటే, "నీ మొగని తలల పేలు సూస్తున్న అనుకో," అని ఆటపట్టించేది. పురుగుమందు డబ్బా మాత్రం ఆ వల కిందికి రానిచ్చేది కాదు. ఎందుకని అడిగితే మాట మార్చేది.

రెండేళ్ళ తర్వాత ఒక వానాకాలం, ఆమె ఎవరిదో పెళ్ళికని సిరిసిల్లకు వెళ్ళిన రోజు, నాలుగు వరసల కుండీలకూ పిండినల్లి పట్టి కనిపించింది. పురుగు కనబడితే మందు కొట్టే పంపు వీపుకు తగిలించుకోవడమే పత్తి చేలల్లో పెరిగిన మాకు తెలిసింది. మా అత్తగారింట్లో మిగిలిన పత్తి మందు తెచ్చాను. మందు గాలికి పోకూడదని, వాన పడకుండా కట్టిన ప్లాస్టిక్ పట్టాలు నాలుగు వైపులా దించాను. సగం కొట్టేసరికి నోట్లో నీళ్ళూరాయి, చూపు మసకబారింది. పట్టా లేపిందీ, నా జుట్టు పట్టి బయటికి ఈడ్చిందీ నర్సవ్వ పెద్దమ్మే. ఆమె అనుకున్నదానికంటే ముందు బస్సుకే తిరిగి రాకపోతే నేనీ రోజు ఇది రాసేదాన్ని కాదు.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆమె నా జుట్టు చిక్కు తీస్తూ ఉంది. "గక్కడ కువైట్ల, అద్దాల గదిల గూడ గట్లనే తలుపులు మూసి మందు కొట్టిపిచ్చిండ్రు," అంది. "గా దినం మందు కొట్టుడు నా వంతు. తలకాయ నొస్తుందని అబద్ధమాడి పండుకున్న. నా బదులు, గా ఇంట్లనే నాతోని పని చేసే మీ అమ్మ లోపలికి పోయింది."

నాకు వెంటనే అర్థం కాలేదు. "మా అమ్మది గుండెనొప్పి గద పెద్దమ్మా," అన్నాను.

"కాగితం వాళ్ళు రాసుకున్నది బిడ్డా. బయటికి తెచ్చేటాల్లకు నోట్లె నురుగు ఉండె. గందుకే నువ్వు కోరుట్లకు కాపురానికి వచ్చినవని తెల్వంగనే నిన్ను ఎతుక్కుంట వచ్చిన. రెండేండ్ల సంది చెప్పబోతున్న, నోరు రాలే. నన్ను ఏమన్న అను."

ఏడుపు కూడా రాలేదు. రెండేళ్ళు ఆమె గిన్నెలో తిన్నాను, ఆమె పక్కనే కూర్చుని నవ్వాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను. నేను ఇల్లు చేరేసరికి, మందు పడిన కుండీలన్నిటినీ ఆమె ఊరి బయట గుంట తీసి పూడ్చేసిందని తెలిసింది. ఎవరింట్లో ఏ పసివాడు ఆ ఆకు ముడతాడో అన్నదట.

నెల రోజులు ఆ వైపు చూడలేదు. తర్వాత నేనే వెళ్ళాను. ఆమె మీద కోపం చల్లారి కాదు, మా అమ్మ ఆ దేశంలో ఎలా బతికిందో చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే కనుక. అమ్మ నాకోసం ఖర్జూరాలు దాచిన సంగతి, బట్టలు ఉతుకుతూ నా పేరు పిలుచుకున్న సంగతి పుల్లకు దూది చుడుతూ చెప్పేది. చెప్పి ఆగేది. నా నోటి వంక చూసేది. నేను తలవంచుకుని ఆకు తుడిచేదాన్ని. మంచాన పడ్డాక కూడా ఒకసారి, "ఏమన్న అంటవా బిడ్డా," అని అడిగింది. దుప్పటి కప్పి, "పండుకో పెద్దమ్మా," అన్నాను. మర్నాడు లేవలేదు.

ఇప్పుడు ఆ తోట నేను చూసుకుంటున్నాను. పనిచేసే ఆడవాళ్ళు ఎవరైనా తలనొప్పి అంటే నిజమా అని అడగను. ఇంటికి పంపి, వాళ్ళ వంతు నేనే తుడుస్తాను. తలనొప్పని అబద్ధమాడి పడుకున్న రోజులు నాకూ ఉన్నాయి. ఆ ఒక్క మాట ఆమెతో అని ఉంటే సరిపోయేది. అనలేదు.