ట్యాంకు బాబాయి వంకర కోత

ఆ వీధిలో ఎవరి డాబా మీద నీళ్ల ట్యాంకు కారినా అందరికీ ఒక్క మనిషే గుర్తొచ్చేవాడు. ట్యాంకు బాబాయి. ఆయనకు అసలు పేరు లేకపోలేదు. అది జీతం ఇచ్చే ఆఫీసుకూ, కట్టుకున్న భార్యకూ తెలుసు. ఆవిడ కూడా కాపురమంతా "ఏమండీ"తోనే నెట్టుకొచ్చింది గనక ఆవిడకైనా గుర్తుందో లేదో అనుమానమే. ఆదివారం వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి "బాబాయ్, ఇంట్లో ఉన్నావా?" అని కేకేసేవారు. ఆయన కాఫీ సగంలో వదిలేసి, వెల్డింగు సామాను సైకిలుకు కట్టుకుని బయల్దేరేవాడు.

వీధి వీధంతా అది ఆయన మంచితనం అనుకుంది. మంచితనం లేదని అనడం లేదు. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఆయన ఒక అబద్ధానికి కాపలా కాస్తున్నాడు.

పెళ్లయిన కొత్తలో ఒక రోజు భోజనం దగ్గర భార్య అడిగింది, ఫ్యాక్టరీలో మీరు చేసే పనేమిటండీ అని. అది క్షిపణుల ఫ్యాక్టరీ. అణుబాంబును నెత్తిన పెట్టుకుని సముద్రాలు దాటి వెళ్లే క్షిపణులు. వాటి ఒంటికి పనికొచ్చే పెద్ద పెద్ద ఉక్కు గొట్టాలకు అతుకులు వేయడం ఈయన ఉద్యోగం. ఆ మాట ఇంట్లో కూడా పొక్కనివ్వకూడదని చేరిన రోజునే ఒట్టు వేయించుకున్నారు. నోట్లో ముద్ద ఉన్న మనిషి ఏం చెప్పాలో తోచక గుటక వేసి "ట్యాంకులు" అన్నాడు.

"నీళ్ల ట్యాంకులా?" అంది ఆవిడ.

ఆయన తలూపాడు. ఆ తలూపడమే కొంప ముంచింది. మా ఆయన ట్యాంకులు చేస్తారని ఆవిడ వీధంతా చాటుకుంది. వారం తిరక్కుండా పక్కింటి వదిన, కారిపోతున్న తన ట్యాంకు సంగతి చెప్పుకోవడానికి వచ్చింది. నాకు చేతకాదు అంటే గుట్టు రట్టవుతుంది. చచ్చినట్టు వెళ్లి అతికాడు. ఆ తర్వాత ఎదురింటివాళ్లు, ఆ తర్వాత మూలమీది కొట్టువాడు. అలా జుట్టు నెరిసేదాకా ఆదివారాలన్నీ డాబాల మీదే గడిచిపోయాయి.

చేయి తిరిగిన పనివాడు, అందులో రెండో మాట లేదు. ఆయన వేసిన అతుకు మీద వేలితో రాస్తే ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఎక్కడ ముగిసిందో మాత్రం తెలిసేది. చివర్న వెల్డింగు కడ్డీ పైకెత్తేటప్పుడు ఆయన మణికట్టు తనకు తెలియకుండానే చిన్న విసురు విసిరేది. దాంతో అతుకు కొసన బుల్లి తోక మిగిలేది. ఫ్యాక్టరీలో ఎంతమంది తిట్టినా ఆ తోక పోలేదు.

ఇలా ఉండగా రెండు దేశాల పెద్దలు బల్లకు అటూ ఇటూ కూర్చున్నారు. ముందు ఎవరు తగ్గాలి, ఎవరి మాట ఎవరు నమ్మాలి అని ఏళ్ల తరబడి వాదించుకుని, లేచి వెళ్లిపోయి, మళ్లీ వచ్చి కూర్చుని, మొత్తానికి సంతకాలు పెట్టారు. ఈ రకం క్షిపణి ఇక ఇటూ ఉండకూడదు, అటూ ఉండకూడదు. ముక్కలు చేసేశాం అంటే నమ్మే రోజులు కావు కదా. అందుకని ఒకరి ఫ్యాక్టరీకి ఇంకొకరి మనుషులు వచ్చి, కోస్తుంటే కళ్లారా చూడాలన్నారు. ఆ ముక్కలు మళ్లీ అతకడానికి పనికిరావని నమ్మకం కుదిరాక వాటి మీద ఎర్రరంగు గీత గీస్తారు. గీత పడితేనే ఆ క్షిపణి పోయినట్టు లెక్క.

ఆ వార్తతో పాటు ఫ్యాక్టరీ ఫోటో కూడా పత్రికలో పడింది. సాయంత్రం ఈయన ఇంటికొచ్చేసరికి భార్య ఆ పేజీని బల్ల మీద పరిచి, ఎగిరిపోకుండా చెంబు పెట్టి కూర్చుంది.

"ఇదేనా మీ ట్యాంకు?"

"చెప్పకూడదన్నారే."

"ఎన్ని నీళ్లు పడతాయేం దీంట్లో?"

ఆ పూట నుంచి ఆవిడ ఆయనతో మాట్లాడటం మానేసి గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఎవరికైనా ఉప్పు తక్కువైతే డబ్బా అలమరలో ఉంది" అని గోడకు చెప్పేది. ఊరంతటి ముందూ తనను వెర్రిదాన్ని చేశాడని ఆవిడ కడుపుమంట. అందులో న్యాయం ఉంది కాబట్టి ఈయన నోరు మూసుకుని ఉప్పు తెచ్చుకునేవాడు.

ఫ్యాక్టరీలో కోత పని కూడా ఈయనకే వచ్చింది. లోపలి ఇంధనం, పైనుండే బాంబు ఇంకెక్కడో తీసేసి, ఉత్త గొట్టాలు షెడ్డుకు పంపేవారు. అతికిన చేతికే కొయ్యడం బాగా తెలుస్తుందని ఫోర్‌మాన్ అనుకున్నాడు. పాపం, అక్కడే పప్పులో కాలేశాడు.

రెండు ఉక్కు అంచుల్ని అతకాలంటే ముందు వాటిని ఏటవాలుగా చెక్కుతారు, అతుకు లోపలిదాకా దిగడానికి. బాబాయికి ఆ పని ఊపిరి పీల్చినంత అలవాటు. మొదటి గొట్టాన్ని గ్యాస్ కట్టరుతో దారం పట్టినట్టు తిన్నగా కోశాడు. కోసి ఊరుకోవచ్చు కదా. గ్రైండరు తీసి, అంచును నున్నగా, ఏటవాలుగా చెక్కి, గుడ్డతో తుడిచి మరీ నిలబెట్టాడు.

అవతలి దేశం నుంచి వచ్చిన తనిఖీ మేడమ్ పొడగరి. నెరిసిన జుట్టుకు రుమాలు కట్టుకుని, మగవాళ్ల బూట్లేసుకుని తిరిగేది. ఆవిడ గొంతుక్కూర్చుని, అంచు మీద బొటనవేలు నడిపించి, పకపకా నవ్వి ఏదో అంది. పక్కనున్న దుబాసీ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ ఏమంటున్నారంటే, ఇది కోసినట్టు లేదట. రేపు పొద్దున అతకడానికి తయారుచేసి పెట్టినట్టు ఉందట."

ఎర్రగీత పడలేదు. మేడమ్ అటు వెళ్లగానే ఫోర్‌మాన్ జుట్టు పీక్కున్నాడు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. ముక్కలు చెయ్యమంటే ముస్తాబు చేస్తావేంటి?"

రెండో గొట్టం దగ్గర బాబాయి చాలా జాగ్రత్తగా ఉన్నాడు. ఈసారి గ్రైండరు ముట్టనని తనకు తనే చెప్పుకున్నాడు. ఫోర్‌మాన్ ఎవరితోనో మాట్లాడి వెనక్కి తిరిగి చూసేసరికి అంచు అద్దంలా మెరుస్తోంది, గ్రైండరు బాబాయి చేతిలో ఇంకా తిరుగుతోంది. ఎప్పుడు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. ఈసారి మేడమ్ నవ్వలేదు. ఇంకోసారి ఇలా అయితే పైవాళ్లకు చెప్పాల్సి వస్తుందని దుబాసీ చేత చెప్పించింది.

"మనం దొంగ నాటకాలు ఆడుతున్నామని అనుకుంటున్నారు వాళ్లు" అన్నాడు ఫోర్‌మాన్. ఆయన గొంతులో కోపం కూడా లేదు, భయమే. "నీ గ్రైండరు పుణ్యమా అని రెండు దేశాలూ మళ్లీ మొదటికి రావాలా? ఎల్లుండి గొట్టం గనక తిరిగొచ్చిందంటే నిన్ను స్టోరుకు పంపి, కోతకు ఇంకొకణ్ని పెడతాను. తర్వాత నన్ను అనుకోకు."

స్టోరుకు పంపితే పంపనీ, ఆ వయసులో అదేం పెద్ద శిక్ష కాదు. బాబాయిని పట్టుకున్నది ఆ ఎల్లుండి గొట్టం మాట. షెడ్డు బయట టార్పాలిన్ కింద పడుకున్న ఆ గొట్టాన్ని ఆయన ముందురోజే గుర్తుపట్టాడు. కూతురు పుట్టిన వారంలో వేసిన అతుకు అది. ఎక్స్‌రే తీసినవాళ్లు వెతికి వెతికి ఒక్క లోపం దొరక్క తెల్లమొహం వేశారు. పెద్ద ఇంజనీరు షెడ్డులోకి వచ్చి అందరి ముందూ చెయ్యి కలిపాడు. దాన్ని కొయ్యకుండా ఉంచమని అడిగే మనిషి కాదు బాబాయి. అది ఎగిరితే ఎవరి ఇళ్ల మీద పడేదో ఊహించుకోలేని వెర్రివాడూ కాదు. అది పోవాల్సిందే. కానీ పోతే తన చేతుల్లో పోవాలి. ఇంకొకడెవడో కట్టరు పట్టుకుని దాని మీద పడుతుంటే స్టోరు కిటికీలోంచి చూడటం తన వల్ల కాదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య గడప దగ్గర కూర్చుని పాత దుప్పటి చింపుతోంది. గుడ్డ ఒకచోట వెడల్పుగా, ఒకచోట సన్నగా, ఎటు పడితే అటు చిరుగుతోంది.

"ఇంట్లో కత్తెర లేదా?" అన్నాడు ఉండబట్టలేక.

"మసిగుడ్డకు కొలతలు చూసేవాళ్లు కూడా ఉంటారు కాబోలు" అంది ఆవిడ గోడతో.

"వంకరగా పోతోందే."

"పోనివ్వండి. మళ్లీ మంచం మీద పరచాలా ఏంటి?" ఈసారి ఆయన వైపు తిరిగే అంది.

ఆయన పక్కన చతికిలబడ్డాడు. దుప్పటి అంచు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. ఈ ఇంట్లో దిగిన రోజున ఇద్దరూ కలిసి కొనుక్కొచ్చింది అది.

"దీన్ని చింపడానికి నీకు మనసెలా వచ్చింది?"

"రాలేదు. పొద్దున్నించీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను" అంది ఆవిడ. "మొదటి చింపు దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. అక్కడ కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగాలి. ఆ తర్వాత అదే పోతుంది."

అప్పుడు ఆయన జరిగిందంతా చెప్పాడు. తిన్నగా కోసిన గొట్టాలు, మెరిసే అంచులు, మేడమ్ నవ్వు, టార్పాలిన్ కింద ఉన్న ఆ అతుకు. ఆవిడ అంతా విని, దుప్పటి రెండో కొస ఆయన చేతిలో పెట్టింది.

"ఏదీ, చింపండి చూద్దాం."

ఆయన అంచులు కలిపి మడత పెట్టబోయాడు. ఆవిడ చేతి మీద ఒక్కటి వేసింది. "మడతలెందుకు దీనికి?" ఆయన కళ్లు మూసుకుని లాగాడు. దుప్పటి పరమ ఘోరంగా చిరిగింది. ఆ చిరుగు చూసి ఆవిడకు నవ్వాగలేదు, ఆవిడను చూసి ఈయనకూ ఆగలేదు. ఆ సాయంత్రం వాళ్లింట్లో తయారైనన్ని మసిగుడ్డలు ఒక హోటలుకు సరిపోతాయి. గోడకు మాత్రం ఆ పూటతో పలకరింపులు ఆగిపోయాయి.

ఆ రోజు రానే వచ్చింది. బాబాయి ముందుగా గ్రైండరు తీసుకెళ్లి ఫోర్‌మాన్ గదిలో పెట్టి, బయట తాళం వేయించి, "నేను కాళ్ల మీద పడ్డా ఇవ్వకు" అని చెప్పి వచ్చాడు. గొట్టం మీది టార్పాలిన్ తీశారు. కట్టరు వెలిగించబోతుండగా తనిఖీ మేడమ్ చెయ్యెత్తి ఆగమంది. దగ్గరికొచ్చి, అతుకు పొడుగునా వేలు నడిపించుకుంటూ వెళ్లి, కొసన ఉన్న తోక దగ్గర ఆగింది.

"ఇది ఎవరు వేశారని అడుగుతున్నారు" అన్నాడు దుబాసీ.

"నేనే" అన్నాడు బాబాయి.

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, కానివ్వమన్నట్టు తలాడించింది. బాబాయి నల్లద్దం మొహం మీదికి లాక్కున్నాడు. ఆ అతుకు నడిబొడ్డున కట్టరు ఆనించాడు. చెయ్యి ఆగింది. కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగాడు. ఇక అక్కడి నుంచి మంట ఎటు పోతే చెయ్యి అటు పోయింది. అతుకును అడ్డంగా తెంపి, వంకర్లు తిరిగి, మళ్లీ వెనక్కొచ్చి తెంపింది. అద్దం వెనక ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. ఫోర్‌మాన్‌కు అది చెమట అనిపించింది.

ముక్క దభీమని పడింది. దాని అంచు చూస్తే కుక్కలు పీకిన చెప్పులా ఉంది. మేడమ్ చుట్టూ తిరిగి చూసి, డబ్బాలో కుంచె ముంచి, ఎర్రగీత గీసింది. షెడ్డులో చప్పట్లు మోగాయి. ఫోర్‌మాన్ అయితే బాబాయిని కావలించుకుని వదల్లేదు.

పని అయ్యాక మేడమ్ తన ఫ్లాస్కు తెచ్చుకుని బాబాయి పక్కన బల్ల మీద కూర్చుంది. దుబాసీ ఇద్దరికీ ఎదురుగా నిలబడ్డాడు.

"ఆవిడ కూడా వాళ్ల దేశంలో ఈ పనే చేసేవారట. పోయిన నెల మనవాళ్లు వెళ్లి నిలబడి ఆవిడ అతుకులన్నీ కోయించారట. ఆవిడకు ఆ రోజు ముద్ద దిగలేదట."

బాబాయికి ఆవిడ ఒక్కసారిగా సొంత మనిషిలా అనిపించింది. "ఏమీ మిగల్లేదా తల్లీ?" అని అడిగాడు.

"ఒక గేటు ఉందట. వాళ్ల అక్క ఇంటి గేటు. ఆదివారం వెళ్లి దాన్ని ఊరికే తీసి, మూసి వస్తారట" అన్నాడు దుబాసీ. "మరి మీకేం మిగిలింది అని అడుగుతున్నారు."

"ఏమీ లేదని చెప్పండి" అన్నాడు బాబాయి.

ఇంటికి వచ్చేసరికి పక్కింటి వదిన గేటు దగ్గరే కాచుకుని ఉంది. ట్యాంకు కారుతోందట, వంటగది గోడంతా తడిసిపోయిందట. ఇవాళ కాదు వదినా అనబోయి, నోరు రాక సామాను పట్టుకుని డాబా ఎక్కాడు. ఆ సాయంత్రం బాబాయికి ఏ పని మీదా మనసు లేదు.

కారుతున్నది అడుగున. రేకు తుప్పు పట్టి చిల్లు పడింది. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. కాపురం కొత్తలో, అబద్ధం చెప్పిన వారానికి వేసిన అతుకు. వేలితో తడుముకుంటూ వెళ్తే కొసన బుల్లి తోక తగిలింది. బాబాయి అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు. లేచి ఎదురు డాబా వైపు చూశాడు. అక్కడ ఒక ట్యాంకు. దాని పక్కది, ఆ పక్కది, మూలమీది కొట్టు మీద పచ్చరంగుది. వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా అన్నీ తను అతికినవే. ఇన్నేళ్లూ వాటిని పని అని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"ఏమే, ఒకసారి పైకి రా" అని పిట్టగోడ మీంచి కేకేశాడు.

ఆవిడ మోకాళ్లు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆయన్నీ మెట్లు కట్టినవాణ్నీ కలిపి తిట్టుకుంటూ ఎక్కి వచ్చింది. ఆయన ఆవిడ వేలు పట్టుకుని ఆ తోక మీద పెట్టాడు. తర్వాత వీధిలోని డాబాలన్నీ చూపించాడు. మేడమ్ అడిగిన మాట, తను చెప్పిన జవాబు కూడా చెప్పాడు.

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రేపు ఆవిడ కనబడితే తప్పు చెప్పానని చెప్పండి" అంది. "మా ఆయన ఏం చేసేవారని నన్నెవరైనా అడిగితే నేను మాత్రం ఎప్పుడూ చెప్పేదే చెబుతాను."

"ఏమని?"

"ట్యాంకులు చేసేవారని. నేను ఏనాడూ అబద్ధం చెప్పలేదు."

కింది నుంచి వదిన "బాబాయ్, నీళ్లు ఇంకా కారుతున్నాయి" అని అరిచింది. ఆయన ముక్కు చీదుకుని, ట్యాంకు పక్కన పడుకుని అడుగు భాగం చూడటం మొదలుపెట్టాడు. భార్య పక్కన కూర్చుని సామాను సంచిలోంచి కడ్డీ తీసి అందించింది.