రెక్కలో దాగిన పగులు

అప్పుడు నేను తిరువళ్లూరు దగ్గర ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. విమానం రెక్కను చిన్న సుత్తితో తట్టి, అది కంపించే తీరును సెన్సార్లతో కొలిచి, లోపలి పగుళ్లను కనిపెట్టడం నా ప్రాజెక్టు. పరీక్ష రోజున, ఏ లోపమూ లేదని అందరూ అనుకున్న పాత రెక్కలో పగులుందని నా కంప్యూటర్ చూపించింది.

“బాగుండే రెక్కలో పగులు యాడుందిమా?” అని నవ్వారు పరీక్షించడానికి వచ్చిన సారు.

సెన్సార్లు మార్చి చూశాను. మళ్లీ అదే ఫలితం. “విప్పి చూడండి సార్” అన్నాను.

పైరేకు విప్పి టార్చి వేస్తే, లోపలి పట్టీ మీద వెంట్రుకంత సన్నటి పగులు! అందరికన్నా ముందు ఆ సారే చప్పట్లు కొట్టారు.

నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి తిరుత్తణి నుంచి వచ్చిన నాన్న ల్యాబు గుమ్మంలో నిలబడి, “రెక్క పగిలితే ఇంత సంబరమేందిమా?” అన్నాడు. ల్యాబంతా గొల్లున నవ్వింది.

ఇప్పుడు రెక్కల్లో పగుళ్లు కనిపెట్టడమే నా ఉద్యోగం. నా కొలతను నమ్మి నోరు తెరిచిన ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.