చివరి బ్లాకు దాకా రాని ఎన్నిక

సౌదీలోని రాబిగ్‌లో మా క్యాంపు మెస్‌కు లీడరును ఎన్నుకునే తంతు మొదటిసారి చూసిన శుక్రవారం నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారాలని నాకు కోరిక కూడా లేదు.

క్యాంపంటే పనివాళ్ళు ఉండే వరుస గదులు. ఒక్కో వరుసనూ బ్లాకు అంటారు. వంట కాంట్రాక్టరుతో మాట్లాడటానికి పనివాళ్ళ తరపున ఒక మనిషి ఉండాలని కంపెనీ చెప్పింది. మెస్ ఎన్ని గంటలకు తెరవాలో, ఎప్పుడు మూయాలో, ఏ రోజు ఏం వండాలో అతనే తేలుస్తాడు. ఏడాదికోసారి ఎన్నిక. శుక్రవారం సెలవు కాబట్టి జుమ్మా నమాజు అయ్యాక మొదలవుతుంది. పోటీలో ఉన్నవాళ్ళు ముందు మొదటి బ్లాకుకు వెళ్తారు. అక్కడ టీ తాగి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి నిలబడితే, వాళ్ళు చేతులెత్తుతారు. ఎవరికి ఎన్ని చేతులు లేచాయో వరండాలోంచి గట్టిగా అరిచి చెబుతారు. తర్వాత అందరూ కలిసి రెండో బ్లాకుకు, ఆ తర్వాత మూడో బ్లాకుకు, అలా చివరి దాకా పోవాలి. పోవాలి అంటున్నాను. పోరు.

మొదటి బ్లాకులో ఉండేది ఫోర్‌మన్లు, డ్రైవర్లు, క్యాంపు పుట్టినప్పటి నుంచీ ఉన్నవాళ్ళు. మెస్ ఉండేది వాళ్ళ గుమ్మం ముందే. చివరి బ్లాకు జనరేటరు వెనకాల ఉంటుంది. అందులో ఉండేవాళ్ళు అన్నిటికంటే దూరపు సైటుకు వెళ్ళే పైపు ఫిట్టర్లు, వాళ్ళ హెల్పర్లు. వాళ్ళ బస్సు మెస్ తెరవకముందే కదిలిపోతుంది.

ఆ బ్లాకులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పైపు ఫిట్టరు ఉన్నాడు. నాకంటే పెద్దవాడు. నేను ‘అన్నా’ అంటాను. నేను ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి ఆయన నన్ను ‘సార్’ అంటాడు, మానమన్నా మానడు. ఆయనకు షుగరు. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకున్నాక తినాలి. తినడానికి ఉండేది రాత్రి దాచుకున్న ఖుబ్బూస్ రొట్టె. పొద్దుటికి అట్టలా బిగుసుకుపోయేది. బస్సులో దాన్ని నీళ్ళలో ముంచుకుని నమిలేవాడు. రాత్రి ఖుబ్బూస్ మిగలకపోతే అదీ లేదు.

ఆ ఏడాది ఆయన ఆశంతా కడప నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ మీద ఉండేది. అతన్ని అందరూ ‘భాయ్’ అనేవారు. మొదటి బస్సు కదిలేలోపు మెస్ తెరిపిస్తానన్నది అతని ఒకే ఒక్క మాట. అతని మీద నిలబడింది మొదటి బ్లాకు ఫోర్‌మన్, అప్పటికే లీడరుగా ఉన్న మనిషి. శుక్రవారం బిర్యానీలో మటన్ పెంచుతానన్నది ఆయన మాట.

మొదటి బ్లాకులో చేతులన్నీ ఫోర్‌మన్‌కే లేచాయి. అందులో వింత లేదు. అసలు అసహ్యం రెండో బ్లాకులో మొదలైంది. మెస్ ఆలస్యం గురించి రోజూ తిట్టుకునేది ఆ బ్లాకువాళ్ళే. వరండాలో అరిచిన లెక్క విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చేతులు ఫోర్‌మన్‌కే లేపారు. నా పక్కన నిలబడ్డవాణ్ణి అడిగాను, నిన్నటిదాకా భాయ్ భాయ్ అన్నావు కదా అని.

“గెలిచేటోడు ఆయననేనాయె సార్,” అన్నాడు. “మనం ఒక్కలం అటు వోయి ఆయన కండ్లల్ల పడుడెందుకు?”

గెలిచేది ఆయనేనని ఎవడు తేల్చాడు? ఒక్క బ్లాకు తేల్చింది. అప్పటికి క్యాంపులో ఎక్కువమంది నోరే తెరవలేదు.

భాయ్ అక్కడే ఫోర్‌మన్‌ను కౌగలించుకుని, నేను తప్పుకుంటున్నానన్నాడు. చప్పట్లు కొట్టారు. మా క్యాంపులో దాన్ని పెద్దమనిషి తరహా అంటారు. ఊరేగింపు అక్కడితో ఆగిపోయింది. చివరి బ్లాకు గుమ్మంలో ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డ మా అన్నకు ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది.

“అయిపోయిందా? మా దగ్గర్కి రానేలేదు గద సార్!”

“రారట.”

“మరి మాదేం లెక్క?”

నేరుగా భాయ్ గదికి వెళ్ళాను.

“సగం క్యాంపు మిగిలుండగా ఎందుకు తప్పుకున్నావు?”

“రెండు బ్లాకుల్లో పోయినాక ఇంగ యాడ నిలబడేది సార్? జనం నగుతారు. పెద్దాయన ముందర నా మర్యాదేం కావాల?”

“నీ మర్యాద కోసం ఆ ఫిట్టరు ఎండు రొట్టె నమలాలా? నీకు పడే ఓట్లన్నీ వెనక బ్లాకుల్లో ఉంటే ముందు బ్లాకులు చూసి పారిపోతావా?”

“అట్లనొద్దు సార్, టీ తాగండి,” అన్నాడు. తాగలేదు.

ఫోర్‌మన్ మాత్రం వాదానికి వెనుకాడే మనిషి కాదు. “మొదటి సంది గిదే కాయిద సార్. మీరు మొన్న వచ్చిన్రు,” అన్నాడు. మొదటి నుంచీ ఉన్నంత మాత్రాన సరైనదైపోతుందా అన్నాను. “గట్ల గాదు. పోటీ జేసేటోడు ముందుగాల మా ముంగట కూసుంటడు. మేం అడ్డం దిడ్డం అడుగుతం. పైసలున్నోడా లేనోడా చూడం, మనిషిని చూస్తం. అందర్ల పడి అరిస్తే మనిషి ఎరుకైతదా?”

ఆ మాటను నేను తోసిపుచ్చను. చిన్న గుంపు ముందు కూర్చోబెట్టి నిలదీస్తే మనిషి లోతు తెలుస్తుంది, నిజమే. అయితే నిలదీసే పని ఎప్పుడూ ఆ గుంపుదే ఎందుకు కావాలి? వాళ్ళు అడిగింది మటన్ గురించి. పొద్దున బస్సు గురించి ఒక్క ప్రశ్నా రాలేదు. రాదు కూడా. మెస్ వాళ్ళ గుమ్మం ముందే ఉంది.

అప్పుడే అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీలు తమ అభ్యర్థులను తేల్చుకునే ప్రైమరీలు నడుస్తున్నాయి. మా ఆఫీసులో పెద్ద ఇంజనీరు న్యూజెర్సీవాడు. ఫోను బల్ల మీద విసిరేసి విసుక్కున్నాడు. తమ రాష్ట్రం ఓటేసేది జూన్‌లోనట, అప్పటికి పోటీ చేసినవాళ్ళంతా తప్పుకుని ఒక్కడే మిగులుతాడట. మంచు కాలంలో అయోవా, న్యూహాంప్‌షైర్ లాంటి చిన్న రాష్ట్రాలు ఏం చెబితే అదే వార్త, ఆ వార్త వెంటే చందాలు, ఆ చందాల వెంటే మిగతా రాష్ట్రాలు. మొదట తామే ఉండాలని న్యూహాంప్‌షైర్ చట్టమే చేసుకుందట. నేను మా మెస్ ఎన్నిక సంగతి చెప్పాను. పగలబడి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ప్రపంచానికి ప్రజాస్వామ్యం నేర్పుతామనే దేశం మా మొదటి బ్లాకు వరండా దగ్గరే ఆగిపోయిందంటే నవ్వడమెలా?

నేను తర్కం నేర్చుకున్నది మా ఊరి చర్చా వేదికలో. అక్కడ ఒక నియమం ఉండేది. అందరికంటే కొత్తగా చేరినవాడు ముందు అభిప్రాయం చెప్పాలి, అధ్యక్షుడు చివర చెప్పాలి. అధ్యక్షుడు ముందు మాట్లాడితే మిగతావాళ్ళు ఆలోచించడం మానేస్తారని మా పెద్దలకు తెలుసు. మనిషి తన మనసులో మాట కంటే ముందు పడ్డ మాటను నమ్ముతాడు. ఆ బలహీనత మీద కట్టిన ఏ ఎన్నికైనా నాకు మోసమే. అది రాబిగ్ కానీ, అయోవా కానీ.

రంజాను సెలవులు దాటిన తర్వాత ఒక పొద్దున మా అన్న బస్సు మెట్టు మీదే కూలబడ్డాడు. ముందు రాత్రి ఖుబ్బూస్ మిగల్లేదు. సూది మాత్రం అలవాటుగా వేసుకున్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయి ఒళ్ళంతా వణుకుతోంది. ఎవరో జ్యూస్ డబ్బా నోట్లో పోశారు. మెస్ తలుపు ఇంకా వేసే ఉంది. లోపల టీ మరుగుతున్న వాసన బయటికి వస్తోంది.

ఆ రోజే, కంపెనీ తరపున క్యాంపును నడిపే క్యాంపు బాసు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాను. ఏం అరిచానో గుర్తులేదు. ఎన్నిక మళ్ళీ పెట్టించమన్నాను, ఈసారి చివరి బ్లాకు నుంచి మొదలుపెట్టమన్నాను. మనిషి పోతే తన మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాడేమో, సరేనన్నాడు.

చివరి బ్లాకు ముందు చేతులెత్తింది. భాయ్‌కి లేచిన చేతుల లెక్క వరండాలోంచి అరిచారు. పక్క బ్లాకు, దాని పక్క బ్లాకు అటే లేచాయి. ఈసారి ఫోర్‌మన్ తప్పుకున్నాడు, కౌగలింతతో సహా. మర్నాడే మెస్ పెందలాడే తెరిచారు. మా అన్న వేడి ఉప్మా తిని బస్సెక్కాడు. నేనూ మురిసిపోయాను, దాచను.

వంటవాళ్ళు ఆ కొద్దిమందే. పొద్దున ముందు తెరిచారు కాబట్టి, మూయడం కూడా అంత ముందుగానే మూసేయడం మొదలుపెట్టారు. మూడో బ్లాకులో నైట్ డ్యూటీ వెల్డర్లు ఉంటారు. వాళ్ళు పని దిగి వచ్చేసరికి తలుపుకు తాళం. వాళ్ళు భాయ్‌ని అడిగితే, చూద్దాం లే అన్నాడు. మళ్ళీ ఎన్నిక దగ్గరపడింది. ఏటా ఏ బ్లాకు ముందు చెప్పాలో చీటీలు వేసి తేలుద్దామని నేను ప్రతిపాదించాను. ముందు మా అన్నకే చెప్పాను, ఆయన నాతో ఉంటాడన్న నమ్మకంతో.

“ఇప్పుడు మంచిగనే నడుస్తుంది గద సార్. మల్ల గెలుకుడెందుకు?”

“మీకు మంచిగా నడుస్తోంది. వెల్డర్లకు?”

“గాళ్లు సుత మాకే ఎయ్యమను. భాయ్‌తోని నేను మాట్లాడ్త.”

“వాళ్ళలో షుగరున్నవాడు ఒకడున్నాడు, తెలుసా?”

“ఎరుకే. మా బామ్మర్ది రూముల్నే ఉంటడు.” తడి బట్టల బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు. “నేను బస్సు మెట్టు మీద పడ్డనాడు గాళ్లొచ్చిన్రా సార్? మా వంతు వచ్చింది. ఉండనియ్యిన్రి.”

ఆ క్షణంలో ఫోర్‌మన్ మీద వచ్చిన దానికి రెట్టింపు కోపం ఆయన మీద వచ్చింది. “ఫోర్‌మన్ కూడా ఇదే అన్నాడు కదన్నా నాతో!” అని అరిచాను. “ఆయన మటన్ అడిగిండు, నేను నాష్టా అడుగుతున్న. రెండు ఒక్కటేనా?” అన్నాడు, అంతే గట్టిగా. కాదు, రెండూ ఒకటి కావు. వెల్డరు ఆకలీ ఆయన ఆకలీ మాత్రం ఒకటే. అదే చెప్పాను. ఆయన లేచి బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

చీటీల ప్రతిపాదన మీద శుక్రవారం ఓటు పెట్టారు. క్యాంపు బాసు ఇప్పటి కాయిదా ప్రకారం, చివరి బ్లాకు నుంచే పెట్టించాడు. ముందు చివరి బ్లాకు వద్దంది. వరండాలోంచి లెక్క అరిచారు. పక్క బ్లాకూ వద్దంది. వెల్డర్ల బ్లాకు తలుపు దగ్గరికి వచ్చేసరికి నా వెనక ఎవరూ లేరు. నేను మాత్రం తప్పుకోనన్నాను. తలుపు తట్టాను. డ్యూటీ దిగి పడుకున్నవాళ్ళు కళ్ళు నులుముకుంటూ లేచారు. ఎందుకొచ్చానో చెబితే ఒకాయన విస్తుపోయి చూశాడు.

“అది ఓడిపాయె గద సార్, ఇందాకనే అరిచిన్రు. మమ్ముల ఎందుకు లేపిన్రు?”